పెరటిలో పెద్దకాయ టమాటా: చవితికి నారు, సంక్రాంతికి పండు



వినాయక చవితి సమీపించిన కొలది బాలాపూర్ పేరు రాష్ట్రమంతట వినబడును. 1994వ సంవత్సరమున 450 రూపాయలతో మొదలైన అక్కడి లడ్డు వేలము నేడు లక్షల రూపాయలకు చేరినది. 21 కిలోల ఆ లడ్డును పాడుకొన్నవారు ఇంటివారికి, ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టి, కొంత తమ పొలములో చల్లుట ఆనవాయితీ. పంట బాగుగా పండునని వారి నమ్మకము. నమ్మకము మాట ఎట్లున్నను, ఈ ఆచారమువలన ఒక సంగతి తెలియుచున్నది. బాలాపూర్ మొదటినుండి సేద్యగాండ్ర ఊరు. పండుగ సందడిలోను ఆ ఊరు పొలమును మరువలేదు.

అయితే ఆ పొలములు నేడు ఎన్ని మిగిలినవి? హైదరాబాదు నగరము పెరిగి బాలాపూరును చుట్టుకొన్నది. జొన్న, కూరగాయలు పండిన ఎర్ర చల్కలు ఇండ్ల స్థలములైనవి. ఇబ్రహీంపట్నం, యాచారం, కందుకూరు, మహేశ్వరం వైపు పోయిన గాని టమాటా మడులు కంటబడవు. నగరమునకు కూరగాయలు పంపిన ఇండ్లలోని ఆడపడుచులే నేడు వీధిలోనికి వచ్చిన బండివద్ద నిలిచి, పావుకిలో టమాటాకు బేరమాడుచున్నారు. పొలము పోయినను పెరడు కొందరికి మిగిలినది. పెరడును లేనివారికి మిద్దె మిగిలినది. ఆ మిగిలిన చోటును గూర్చియే నా మనవి.

పొలములో ఏ టమాటా వేయవలెనో అంగడి నిర్ణయించును. అందుకు నేను అడ్డు చెప్పను. కాని పెరటిలో ఏ టమాటా వేయవలెనో వంటిల్లు నిర్ణయించవలెను. కనుక పెరడుగల ప్రతి కుటుంబము ఈ చవితికి రెండు పెద్దకాయ టమాటా మొక్కలకు చోటు చూపి, వాని విత్తనమును తన ఇంటనే నిలుపుకొనవలెనని నా అభిప్రాయము. ఎందుకో, ఎట్లో వివరించెదను.

లారీ కోరు కాయ, ఇల్లు కోరు కాయ

అంగడికి పోవు టమాటా ఎట్టి ప్రయాణము చేయునో మీరెరుగుదురు. కాయ పూర్తిగా పండకముందే, రంగు తిరుగు దశలో కోయుదురు. డబ్బాలకెత్తి, లారీలో ఒకదానిపై నొకటి పేర్చి, మదనపల్లె వంటి దూరపు మార్కెట్లనుండి రాత్రికి రాత్రి తెచ్చెదరు. ఇంత నలుగుడుకు ఓర్చుటకు తోలు మందముగా, కండ గట్టిగా, కాయ లన్నియు ఒకే పరిమాణములో ఉండవలెను. సంకర విత్తనములను రూపొందించువారు చాల కాలముగా ఈ గుణములకే పెద్దపీట వేసిరి. అది తప్పని నే ననను. పది కిలోమీటర్లలో పగిలిపోవు కాయతో రైతు అప్పు తీరదు.

కాని మీ పెరటిలోని కాయ చేయు ప్రయాణ మెంత? చెట్టునుండి పొయ్యివరకు పది అడుగులు. ఆ పది అడుగులకు మందపు తోలు ఎందులకు? చెట్టుననే పూర్తిగా పండనిచ్చి కోసిన కాయకు గల రుచి, పచ్చిగా కోసి దారిలో ఎరుపెక్కిన కాయకు రాదు. ఇంత తెలిసియు మనలో అనేకులు పొలములో నాటగా మిగిలిన సంకర నారునే తెచ్చి పెరటిలో గుచ్చుదురు. అంగడి కాయనే ఇంటనూ పండించి, "ఇంటి కాయకు రుచి లేదే" అందురు. రుచి లేకపోవుటకు నేల కారణము కాదు, ఎన్నికయే కారణము.

ధర సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 2023 జూలైలో హైదరాబాదులో కిలో టమాటా 150 రూపాయలకు మించినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు నాటికి కొన్ని మార్కెట్లలో కిలోకు నాలుగైదు రూపాయలైనను రాక రైతులు పంటను రోడ్డుపై పారబోసిరి. రెండు నెలలలో కొనువాడు ఏడ్చెను, అమ్మువాడు ఏడ్చెను. నాలుగు పెరటి మొక్కలు ఈ లోకపు లెక్కను మార్చలేవు. శీతకాలపు మొక్క జూలైలో కాయనిచ్చునని కూడ నేను మభ్యపెట్టను. కాని కాసిన నెలలలో మీ ఇంటి పప్పు, పచ్చడి, చారు ఆ బండిపై ఆధారపడవలసిన పని ఉండదు.

పెద్దకాయ అననేమి?

మన పెద్దలు రామములగ అని పిలిచిన ఈ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. అడవి టమాటా కాయ రేగుపండును మించదు. కోసి చూచిన లోపల రెండే గదులు. మెక్సికో దేశపు సేద్యగాండ్రు తరతరములుగా పెద్దకాయల విత్తనమునే ఏరి దాచుచు వచ్చుటచేత, గదులు ఎక్కువైన కాయలు స్థిరపడినవి. పెద్దకాయ టమాటాను అడ్డముగా కోసిన ఏడెనిమిది గదులు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కనబడును. కండ ఎక్కువ, గింజ తక్కువ. కాయ చదునుగా, గీతలు పడి, ఒక్కొక్కసారి వంకర టింకరగా ఉండును. చూపునకు అందము తక్కువైనను పప్పులో వేసిన ఒక్క కాయతో కుండ నిండును.

ఈ తరగతిలో పేరుపొందిన రకములు అనేకము కలవు. అమెరికాలో 1891లో వెలువడిన పాండెరోసా అను రకము వానిలో పాతది. ఇట్టి రకముల కాయ బాగుగా పెరిగిన పావుకిలోనుండి అరకిలో వరకు తూగును. 2022లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఒకే కాయ 4 కిలోల 896 గ్రాములు తూగి ప్రపంచ రికార్డుకెక్కినది. అటువంటి పందెములు మనకు వద్దు. మన దేశపు రకములలో బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క వికాస్ చెప్పుకొనదగినది. ఇది టిప్‌టాప్ అను అమెరికా రకమునుండి ఏర్చి తీసిన సూటి రకము. కాయ 80 నుండి 90 గ్రాములు తూగును, నీటి ఎద్దడికి కొంత ఓర్చును. పాండెరోసాముందు ఇది చిన్నదే, కాని మన వాతావరణమునకు అలవడినది. క్రొత్తగా మొదలుపెట్టువారు ఒక మొక్క విదేశపు పెద్దకాయ, ఒక మొక్క అర్క వికాస్ నాటి చూచుట మంచిది.

మూడు ఆక్షేపణలు

పెద్దకాయ మాట ఎత్తగనే అనుభవముగల రైతులు మూడు ఆక్షేపణలు తెచ్చెదరు. మూడింటిలోను నిజము కలదు. కనుక దాటవేయక సమాధానము చెప్పవలెను.

మొదటిది, కాయల సంఖ్య తక్కువ. నిజమే. సంకర మొక్క గంపెడు కాయలిచ్చుచోట పెద్దకాయ మొక్క పది పదిహేను కాయలతో సరిపెట్టవచ్చును. అయితే పెరటి పంటను క్వింటాళ్లలో కొలువరాదు. రెండు మూడు నెలలపాటు వారమునకు రెండు మూడు కాయలు వంటింటికి వచ్చినవా, లేదా అన్నదే లెక్క.

రెండవది, తెగుళ్లకు లొంగును. ఇదియు నిజమే. పాత పెద్దకాయ రకములకు మన ఆకుముడుత వైరసును తట్టుకొను శక్తి లేదు. అందుచేతనే పెరడంతయు వీనితో నింపుమని నేను చెప్పుట లేదు. ఆరు మొక్కలకు చోటున్న యెడల రెండు మాత్రమే పెద్దకాయ నాటి, మిగిలిన నాలుగింటిని తెగులు తట్టుకొను రకములతో నింపుడు. పైన చెప్పిన బెంగుళూరు సంస్థవారి అర్క రక్షక్ అను సంకర రకము ఆకుముడుత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటిని తట్టుకొనును. కూరకు అది భరోసా. రుచికి, విత్తనమునకు పెద్దకాయ.

మూడవది, మన ఎండకు ఆగదు. ఇది అన్నిటికంటె గట్టి ఆక్షేపణ. దీనిని నేను నష్టపడి నేర్చుకొంటిని. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక స్నేహితుడిచ్చిన పెద్దకాయ విత్తనమును ఆత్రపడి సంక్రాంతి వెళ్లిన పిదప నారుపోసి, ఫిబ్రవరి చివర నాటితిని. మొక్కలు రొమ్ము ఎత్తు పెరిగినవి. పూత విరగబూచినది. కాయ మాత్రము ఒక్కటియు నిలువలేదు. ప్రతి ఉదయము చెట్టు క్రింద రాలిన పూవులను చూచి విత్తనమును తిట్టితిని. తప్పు విత్తనముది కాదు, నాది.

టమాటా పూత కాయగా మారుటకు రాత్రి చల్లదనము ముఖ్యము. రాత్రి వేడి 15 నుండి 20 డిగ్రీల నడుమ ఉన్న పిందె బాగుగా నిలుచును. పగలు 35 డిగ్రీలు దాటినను, రాత్రి 24 డిగ్రీలకు దిగకున్నను పుప్పొడి చెడి పూవు రాలును. చిన్నకాయ రకములు కొంత ఓర్చుకొనును గాని పెద్దకాయ రకములు ఓర్చవు. మన రంగారెడ్డి ప్రాంతమున నవంబరునుండి జనవరి వరకు రాత్రులు టమాటా కోరినట్లే ఉండును. కనుక ఆ నెలలలో పూత రావలెను. అందుకు వెనుకకు లెక్కించిన నారుపోయవలసిన కాలము చవితి రోజులే. చవితికి నారు, సంక్రాంతికి పండు అని నేను చెప్పుట ఇందుచేతనే. ఈ ఒక్క మాట గుర్తున్న చాలును, సగము పంట చేతికి వచ్చినట్లే.

నారు, గుంత, ఊత

నారుమడికి నిండు ఎండ తగులుచోట జానెడు ఎత్తున మట్టిని లేపి, నీరు నిలువకుండ చేయవలెను. ఆగస్టు చివర, సెప్టెంబరులో వానలు పడుచుండును. పల్లపు మడిలో నారుకుళ్ళు తెగులు తప్పదు. విత్తనమును అర అంగుళమునకు మించి లోతు పోనీయక వరుసలలో వేసి, సన్నని పెంటతో కప్పవలెను. మడిపై కర్రలు వంచి సన్నకన్నుల వల కప్పిన తెల్లదోమ రాదు. ఆకుముడుతను తెచ్చునది తెల్లదోమయే. నారులో సోకిన తెగులు చెట్టునకు జీవితాంతము వదలదు. దోమతెర గుడ్డ నాలుగు గజములున్న పెరటి మడికి సరిపోవును.

25 నుండి 30 రోజులకు నారు నాటుటకు సిద్ధమగును. నాటుటకు వారము ముందుగనే అడుగున్నర వెడల్పు, అంతే లోతు గుంత తీసి, పైమట్టిలో బాగుగా చివికిన పశువుల పెంట రెండు గంపలు, వేపపిండి ఒక దోసెడు కలిపి నింపవలెను. ఎర్ర చల్కలో నీరు త్వరగా ఇంకిపోవును గనుక పెంట తగ్గింపరాదు. గతేడు వంకాయ, మిరప ఉన్నచోట టమాటా వద్దు. మూడును ఒకే కుటుంబము. ఒకదాని తెగులు రెండవదానికి అంటును. మొక్కకు మొక్కకు రెండున్నర అడుగుల ఎడము ఉంచి, సాయంకాలమున మొదటి ఆకులవరకు కాండము మట్టిలో దిగునట్లు నాటవలెను. దిగిన కాండమునుండి క్రొత్త వేళ్లు పుట్టును.

పెరడులేని బాలాపూర్ కాలనీవాసులు నిరాశపడనక్కరలేదు. 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు అడుగున రంధ్రములు చేసి, సగము మట్టి, సగము చివికిన పెంటతో నింపి మిద్దెపై పెట్టిన ఒక మొక్క పెరుగును. అయితే బకెట్టు మొక్కకు ఒక పూట నీరు మరచినను కాయ చెడును.

నాటిన రోజుననే ఐదారు అడుగుల ఊతకర్ర పాతవలెను. తరువాత పాతిన వేళ్లు తెగును. అరకిలో కాయలను మోయు కొమ్మ ఊతలేక విరుగును. కాండమును కర్రకు పాత చీరపీలికతో వదులుగా కట్టుడు. తాడు కోయును. ఆకుసందులలో పుట్టు ప్రక్కకొమ్మలను చిన్నవిగ ఉన్నప్పుడే గిల్లివేసి, రెండు కొమ్మలను మాత్రమే పెరుగనీయవలెను. ఒక్కొక్క పూగుత్తిలో రెండు మూడు పిందెలుంచి మిగిలినవి త్రుంపవలెను. పిందె త్రుంపుటకు చేయి రాదు, నాకును రాలేదు. కాని ఆరు పిందెలుంచిన ఆరును చిన్నవే యగును. కాయలకు నీడనిచ్చు ఆకులను మాత్రము త్రుంపరాదు. మన ఎండకు నీడలేని కాయ భుజము తెల్లబడి మాడిపోవును.

నీరు సమముగా పెట్టుట పెద్దకాయకు ప్రాణము. నాలుగు రోజులు ఎండగట్టి ఐదవనాడు ఒక్కసారిగా కడవలు గుమ్మరించిన కాయ పగులును. నీటి తేడాలవలన కాయకు సున్నపుధాతువు అందక అడుగు నల్లబడి కుళ్ళును. దీనిని తెగులనుకొని మందు కొట్టువారు కలరు. మందుతో పనిలేదు. మొదట్లో మూడంగుళముల మందమున ఎండుగడ్డి పరచి, రోజు విడిచి రోజు కొలత ప్రకారము నీరు పెట్టిన చాలును.

కాయతొలుచు పురుగునకు ప్రక్కన బంతి మొక్కలుంచుడు. తల్లిపురుగు బంతిపూవుపై గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును. టమాటా పూతకు వచ్చునాటికి బంతి కూడ పూయవలెను గనుక బంతి నారు రెండు మూడు వారములు ముందుగా పోయవలెను. పురుగు కనబడిన చేతితో ఏరివేసి, వేపగింజల కషాయమును లీటరు నీటికి 50 గ్రాముల పప్పు చొప్పున తీసి వడగట్టి సాయంకాలము చల్లుడు. ఆకులు ముడుచుకొని గిడసబారిన మొక్కను మాత్రము జాలిపడక పెరికి కాల్చివేయవలెను. దానిని దాచిన మిగిలిన ఐదును పోవును.

విత్తనము మీదే

ఇంతవరకు చెప్పినది సాగు. నా అసలు అభిప్రాయము విత్తనమును గూర్చినది.

సంకర రకముల గింజను దాచి మరుసటి ఏడు వేసిన అదే కాయ రాదు. మొక్కకొక తీరుగ చీలిపోవును. కనుక ప్రతి ఏడు క్రొత్త పొట్లము కొనవలెను. పొలములో అది సేద్యపు ఖర్చులలో ఒకటిగా భరించెదము. కాని పెద్దకాయ పాత రకములు, అర్క వికాస్ వంటివి సూటి రకములు. టమాటా పూవు చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గనుక ఒక్కసారి తెచ్చిన విత్తనము ఏండ్ల తరబడి మీ ఇంట నిలుచును. పెద్దకాయ పూవులలో కీలాగ్రము బయటకు పొడుచుకొనివచ్చి పరపుప్పొడి తగులు అవకాశము కొంత కలదు. విత్తనమునకు ఉంచదలచిన పూగుత్తికి విచ్చుకొనకముందే పలుచని గుడ్డసంచి తొడిగి, పిందె పడిన తరువాత తీసివేసిన ఆ భయము లేదు.

ఆరోగ్యముగ ఉన్న చెట్టున అన్నిటికంటె మంచి కాయకు దారము కట్టి, "ఇది విత్తనమునకు" అని ఇంటిల్లిపాదికి చెప్పుడు. మెత్తబడువరకు పండనిచ్చి, గింజలను గుజ్జుతో గాజు గ్లాసులోనికి పిండి, ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, నీటితో కడుగుడు. తేలినవి పారబోసి, మునిగిన గింజలను నీడన ఆరబెట్టి, తడిలేని సీసాలో పోసి, రకము పేరు, సంవత్సరము వ్రాసి అంటింపుడు. మూడు నాలుగేండ్లు మొలచు శక్తి ఉండును.

2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముటకును రైతుకు హక్కు ఇచ్చినది. రక్షణ పొందిన రకమును వ్యాపార గుర్తుతో అమ్మరాదన్న నిబంధన మాత్రమే కలదు. హక్కు చట్టములో ఉన్నది. కాని గింజ దాచు చేతివాటము ఇండ్లనుండి పోవుచున్నది. మన అమ్మమ్మలు బూడిద కలిపి కుండలో దాచిన బీర, సొర, చిక్కుడు గింజలు నేడు ఎన్ని ఇండ్లలో కలవు? వాడుకలేని హక్కు తుప్పుపట్టిన కొడవలి వంటిది. రెండు టమాటా మొక్కలతో ఆ చేతివాటమును మరల నేర్చుకొనవచ్చును, పిల్లలకు నేర్పవచ్చును.

గ్రామోద్యోగులకు ఒక మాట

వ్యవసాయ విస్తరణాధికారులకు, పంచాయతీ కార్యదర్శులకు నా విన్నపము ఇది. పెరటి తోట అనగనే కూరగాయ విత్తనముల పొట్లములు పంచి ఫొటో తీయించుకొనుటతో పని ముగిసినదని తలపవద్దు. వేసవిలో పంచిన టమాటా విత్తనము పూత రాల్చి, "పెరటి తోటలు మన ఊరిలో కావు" అన్న అపవాదును మాత్రమే పండించును. పంచాయతీ నర్సరీ ఉన్నచోట చవితికి ముందుగనే ఒక ఎత్తుమడి నారు పోయించి, అక్టోబరు మొదటి వారమున అడిగిన ఇంటికి రెండు మొక్కలు ఇప్పింపుడు. సంక్రాంతి తరువాత ఒకనాడు రైతువేదికలో కూర్చుండబెట్టి, ఎవరింట ఎన్ని కాయలు నిలిచినవో, ఎవరు విత్తనము దాచిరో అడిగి వ్రాసుకొనుడు. ఆ విత్తనమే వచ్చే ఏటి నారు కావలెను. ఖర్చు స్వల్పము. శ్రద్ధ మాత్రము పూర్తిగా పెట్టవలెను.

పాఠక మహాశయులారా, నగరము మన పొలముల మీదుగా నడచుచున్నది. దానిని ఆపుట నా చేతిలోనూ లేదు, మీ చేతిలోనూ లేదు. కాని పెరటి గోడలోపలి నాలుగు గజముల నేల ఇంకను మీ మాట వినును. రాబోవు చవితినాడు పత్రి తెచ్చుటకు తోటలోనికి పోవుదురు గదా, ఆ పూటనే నారుమడి మట్టిని లేపుడు. సంక్రాంతి నాటి పప్పులో మీ పెరటి పెద్దకాయ ఉడుకుచుండగా, విత్తనపు సీసాపై పేరు వ్రాయు పని మీ ఇంటి పిల్లలకు అప్పగింపుడు.